కాళ్ల కింది మట్టి

మా తాలీంలో ఏడేళ్ల పాటు ఒక మనిషికి నేను అప్పజెప్పిన పని కింద పడటం. కుస్తీ నేర్చుకుంటానని వచ్చినవాణ్ని, ఇంకొకడు ఎత్తి పడేసి సాధన చేయడానికి వాడుకున్నాను. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి చాలా కాలం పట్టింది. అడిగినవాళ్లకు మాత్రం అతడు నా శిష్యుడని గర్వంగా చెప్పుకుంటూనే వచ్చాను.

మా ఊరు హుజూరాబాద్ నుంచి కరీంనగర్ పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. తాలీం, అంటే కుస్తీ నేర్పే చోటు, మా తాత కట్టించింది. రేకుల కప్పు, నడుమ ఎర్రమట్టి గుంట, గోడకు హనుమంతుడి పటం. ఆ మట్టిలో మజ్జిగ, నూనె, పసుపు, నిమ్మరసం కలిపి రోజూ పొద్దున పారతో తవ్వి గుల్ల చేయాలి. లేకపోతే గట్టిపడి, పడ్డవాడి ఎముక విరుగుతుంది. మా బాపు ఆ గుంటలోనే పెరిగి, భైంసా దిక్కు జాతరలో వెండి కడెం గెలిచాడు. ఆ కడెం ఇప్పటికీ మా ఇంటి బీరువాలో ఎర్రగుడ్డలో చుట్టి ఉంది. నేనూ ఆ గుంటలోనే పెరిగాను. నాకు కడెం రాలేదు. మూడేళ్లు ఆఖరి కుస్తీ దాకా పోయి, మూడేళ్లూ వీపుకు మట్టి అంటించుకుని ఇంటికి వచ్చాను. ఆ తర్వాత ఉస్తాద్‌నయ్యాను. మాది భూములున్న ఇల్లు. పొలం కౌలుకిచ్చి పొద్దున, సాయంత్రం తాలీంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఊరంతా ఉస్తాద్ అని పిలిచేది. కడెం రాని లోటు ఆ పిలుపుతో పూడిపోయిందనుకున్నాను.

అతడు వచ్చిన రోజు వాన వెలిసి ఎండ కాస్తోంది. గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. బక్కగా ఉన్నాడు. పాతికేళ్లు ఉంటాయి. చొక్కా మీద, కనుబొమ్మల మీద తెల్లటి దూది నూగు. మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్లకు అది ఎంత కడుక్కున్నా పోదు.

"ఏం పనిరా నీది?" అన్నాను.

నా పెదవుల వంక చూసి, ఒక క్షణం ఆగి జవాబు చెప్పాడు. "సాంచెలు నడుపుత ఉస్తాద్. నాలుగు సాంచెలు."

సాంచె అంటే మా దిక్కు మరమగ్గమే. నాలుగింటి నడుమ నిలబడి పన్నెండు గంటలు ఆ చప్పుడు వింటే చెవులు ఉండవు. అతడికి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవికి దగ్గరగా అరిస్తే కొంచెం వినిపిస్తుంది. షెడ్డులో అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు కాబట్టి దాన్ని అతడు పెద్ద లోటు అనుకోలేదు.

"ఎంత బరువుంటవ్?"

"యాభై ఐదు కిలోలు. బువ్వ తిన్నంక జర ఎక్కువుంట."

తాలీంలో అందరూ నవ్వారు. వాళ్ల నవ్వు చూసి అతడూ నవ్వాడు.

"గింత బక్కపానానికి కుస్తీ ఎందుకురా?"

"నిలబడుడు వచ్చు ఉస్తాద్. ఎంతసేపన్నా నిలబడ్త. మిగిలింది మీరు నేర్పుండ్రి."

నేను నేర్పలేదు. పార చేతికిచ్చి గుంట తవ్వమన్నాను. తవ్వాక మా మేనల్లుడికి ఎదురుగా నిలబెట్టాను.

మేనల్లుడు అంటే మా అక్క కొడుకు. చిన్నప్పుడే మా ఇంటికి వచ్చాడు, నేనే పెంచాను. మంచి ఒడ్డూ పొడుగూ, తొంభై కిలోల మనిషి. టీవీలో వచ్చే కుస్తీలంటే పిచ్చి. వాళ్లలాగే రెండు చేతులూ చాపి, నోటితో పాట వాయించుకుంటూ గుంటలోకి దిగేవాడు. మా బాపు తర్వాత మా ఇంటికి కడెం తేవాల్సింది వాడేనని నేను నిర్ణయించుకున్నాను. వాడికి బాగా వచ్చిన పట్టు ధోబీ పట్టు. ఎదుటివాడి చెయ్యి భుజం మీదికి లాక్కుని, వీపు మీంచి, రేవులో బట్టను బండకు కొట్టినట్టు అవతలికి కొట్టడం. అది రోజూ చేస్తేనే చేతిలో ఉంటుంది. రోజూ పడటానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి సాంచెల దగ్గరి నుంచి నడిచి వచ్చాడు.

రోజుకు ఇరవైసార్లు. పండగలూ పబ్బాలూ పోను ఏడేళ్లు. పడేవాడు, లేచేవాడు, వీపు దులుపుకుని మళ్లీ చెయ్యి అందించేవాడు. నేను కుర్చీలోంచి మేనల్లుడికి చెప్పేవాణ్ని: "నడుము ఇంకా కిందికి దించు. మోకాలు లోపలికి పెట్టు." పడేవాడికి ఒక్కమాట చెప్పిన గుర్తు లేదు. ఒకసారి మాత్రం, "జర బరువు వదిలెయ్‌రా, వానికి ఎత్తరాదు" అన్నాను.

ఇక జాతర. పత్తి ఏరడం అయిపోయాక, గోదావరి దాటి నిర్మల్ మీదుగా భైంసా అవతల, మరాఠీ పొలిమేరకు దగ్గరున్న ఒక పల్లెకు ఏటా పోయేవాళ్లం. అక్కడిది నల్లరేగడి. చెరుకు బండి దిగబడేంత మెత్తగా దున్ని, ఎడ్లతో తొక్కించి గోదా తయారు చేస్తారు. చుట్టూ తాడు కడతారు. ట్రాక్టర్ ట్రాలీల మీద ఆడవాళ్లు, మేడల మీద ముసలివాళ్లు, తాడు చుట్టూ మిగతా లోకం. కుస్తీలు కొబ్బరికాయతో మొదలవుతాయి. గెలిచినవాడికి కొబ్బరికాయ. ఎవరైనా దిగొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. ఆ తర్వాత రుమాలు, ఆ తర్వాత ఇత్తడి బిందె, అలా పెరుగుతూ పోయి పొద్దు వాలే వేళకు ఆఖరిది వెండి కడెం కుస్తీ.

కడెం కుస్తీకి అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఉస్తాద్ వచ్చి, గోదా అంచున ఉన్న మట్టి పిడికెడు తీసి శిష్యుడి చేతిలో పెట్టాలి. దాన్ని వాడు నుదుటికి రాసుకుని దిగాలి. ఆ కుస్తీలో మెడ విరిగినవాళ్లున్నారు. మట్టి పెట్టడమంటే, వీడికి ఏమైనా అయితే జవాబు నాది అని పదిమందిలో చెప్పడం. మట్టి లేనిదే ఎంత మొనగాడికైనా జోడి కలపరు.

అతడు మొదటి ఏడే కొబ్బరికాయ గెలిచాడు. రెండో ఏడు మళ్లీ కొబ్బరికాయ. మూడో ఏడు అడిగాడు.

"ఉస్తాద్, గీ ఏడన్నా నాకు మట్టి పెడ్తరా? ఒక్కసారి కడెం జోడిల నిలబడాలని ఉంది."

"వచ్చే ఏడు చూద్దాం తియ్యి."

"గట్లనే కానీయుండ్రి."

నాలుగో ఏడు, అయిదో ఏడు, ఆరో ఏడు. అతడు అడిగే తీరు మారలేదు, నేను చెప్పే మాటా మారలేదు. మేనల్లుడికి మాత్రం ఏటా మట్టి పెట్టాను. వాడు ఒకసారి సమానంగా విడిపోయాడు, మిగిలిన అన్నిసార్లూ ఓడాడు. జీపులో తిరిగి వచ్చేటప్పుడు అందరూ అతణ్ని కొబ్బరికాయ పైల్వాన్ అని పిలిచేవారు. "నీ ఇంట్ల చట్నీకి కరువు లేదు పో" అని నేనూ అన్నాను. అతడి భార్య బీడీలు చేస్తుంది. ఒకసారి తాలీం గడప దాకా వచ్చి నన్ను అడిగింది: "ఉస్తాద్, మా ఆయన గీ ఏడన్నా కొబ్బరికాయ తప్ప ఇంకోటి తెస్తడా? దేవునికి కొట్టి కొట్టి దేవునికే ఇసుగొచ్చింది." నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆమె నవ్వుతూనే అడిగింది కానీ, జవాబు కోసం కాసేపు నిలబడే ఉంది.

ఏడో ఏడు జాతరకు లాతూరు దిక్కు నుంచి ఒక పైల్వాన్ వచ్చాడు. జాతర జాతరకూ తిరిగి కుస్తీ మీదే బతికే మనిషి. నూటికి పైన బరువు, నలిగి నలిగి ముద్దలైపోయిన చెవులు, మెడ అనేది విడిగా లేదు. కడెం వేళ అయ్యేసరికి గోదాలోకి దిగి, కుడిచెయ్యి పైకెత్తి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నాతో పట్టేవాడు రండి అని దానర్థం. హల్గీ డప్పు మోగుతోంది. మూడు చుట్లు తిరిగేలోపు ఎవరూ రాకపోతే కుస్తీ లేకుండానే కడెం అతడిది.

మొదటి చుట్టు అయింది. మేనల్లుడు నా చెవి దగ్గరికి వచ్చాడు.

"మామా, మోకాలు గుంజుతుంది."

పొద్దున జీపు ఎక్కడానికి ఉరికి వచ్చినవాడు. నేను వాడి ముఖం చూశాను, వాడు నా ముఖం చూడలేదు. జాతర పెద్దమనిషి, తెల్లరుమాలు చుట్టుకున్న డెబ్బై ఏళ్ల మనిషి, కడెం చేత్తో ఎత్తి పట్టుకుని మా వైపు వచ్చాడు.

"ఏం పటేలా, కరీంనగరోళ్లు ఎవ్వలు లేరా? ఖాలీ చేతులతోనే పోతరా?"

"మావోనికి మోకాలు దెబ్బతాకింది," అని అందరికీ వినబడేలా చెప్పాను. "గీ ఏడు మావోళ్లు తయారు లేరు."

రెండో చుట్టు మొదలైంది. అప్పుడు అతడు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మధ్యాహ్నం కొబ్బరికాయ గెలిచి, లంగోటా మీద లుంగీ చుట్టుకుని ఉన్నాడు. నా పెదవులు సరిగ్గా కనబడేలా నిలబడ్డాడు.

"నేనున్న గద ఉస్తాద్. నాకు పెట్టుండ్రి."

"పిచ్చిలేసిందా? వాడు నిన్ను రెండుగ ఇరుస్తడు. నీ పానం మీద నాకు ఫికర్."

"ఇరిగితె నాదే ఇరుగుతది. మట్టి పెట్టుండ్రి."

"వచ్చే ఏడు."

ఈసారి అతడు గట్లనే అనలేదు. నేను చేతులు కట్టుకున్నాను. నిజంగా, రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాను, అవి ఎక్కడ కిందికి పోతాయో అన్నట్టు.

గోదా దగ్గర చెప్పులతో నిలబడరు, నేను వట్టి కాళ్లతో ఉన్నాను. అతడు వంగి నా రెండు పాదాలు ముట్టుకున్నాడు. దండం పెట్టుకుంటున్నాడనుకున్నాను. లేవలేదు. అతడి వేళ్లు నా కుడి పాదం కిందికి జరిగాయి. దూదిపోగులు ముడివేసే వేళ్లు, సన్నగా, గట్టిగా. పాదాన్ని గట్టిగా నేలకు అదిమి ఉంటే అతడేమీ చేయలేకపోయేవాడు. కాలు నేను లేపానో, అతడు లేపాడో అప్పుడు నాకు తెలియలేదు. లేచి నిలబడేసరికి అతడి పిడికిట్లో నల్లమట్టి ఉంది, నా కాళ్ల కింది మట్టి. దాన్ని నుదుటికి, రెండు భుజాలకు రాసుకుని తాడు దాటి లోపలికి పోయాడు.

జనం ఒక్కసారి గొల్లున నవ్వారు. పెద్దమనిషి అతణ్ని ఆపాడు.

"ఆగు ఆగు. ఎవ్వలు పెట్టిండ్రు మట్టి?"

"మా ఉస్తాద్ మట్టే," అని నుదురు చూపించాడు.

"చేతితోని పెట్టాలె గదరా?"

"గాయిన చేతులు ఖాలీ లేవు. కాళ్లు ఇచ్చినయి."

ట్రాలీల మీది ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. పెద్దమనిషి నా వైపు తిరిగాడు. "చెప్పు పటేలా. గిది నీ మట్టేనా?"

వెయ్యిమంది నన్ను చూశారు. నాది అనలేదు. నాది కాదనలేదు. తల నిలువుగా ఊపలేదు, అడ్డంగా ఊపలేదు. ముసలాయన కాసేపు చూసి, "కాదంటలేడు. అంటే బరాబర్ అయినట్టే," అని ఇద్దరి చేతులూ కలిపాడు.

లాతూరు పైల్వాన్ కిందికి చూసి నవ్వాడు. "హా పోర్గా కాయ్ కర్నార్?" అన్నాడు. ఈ పిల్లగాడు ఏం చేస్తాడట అని పక్కవాడు మాకు తెలుగులో చెప్పాడు. వినాల్సినవాడికి ఆ మాట వినబడలేదు. జనం నవ్వూ వినబడలేదు, హల్గీ కూడా వినబడలేదు. అతడు ఎదుటివాడి ఒంటిని చూస్తున్నాడు.

కుస్తీ ఎట్లా తేలుతుందో తెలియనివాళ్లకు ఒకమాట. కింద పడితే ఓడినట్టు కాదు. రెండు భుజాలూ ఒకేసారి నేలకు అంటాలి. దాన్ని చిత్ అంటారు. పొద్దు గుంకేలోపు ఎవరూ చిత్ కాకపోతే కడెం గుడికి పోతుంది.

పట్టిన పట్టుకే లాతూరు పైల్వాన్ అతణ్ని తల మీదికి ఎత్తి విసిరేశాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అతడు బోర్లా పడి ఉన్నాడు. గాలిలోనే తిరిగాడు. వెంటనే ఆ బరువు మీద పడింది. మెడ మీద వంతెనలా లేచి, పక్కకు జారి, బయటికి వచ్చి నిలబడ్డాడు. లాతూరువాడు మళ్లీ ఎత్తాడు, మళ్లీ విసిరాడు. ఈసారి అతడు ఒక్క భుజం మీద పడ్డాడు, రెండో భుజం నేలకు జానెడు ఎత్తులో నిలిచిపోయింది. దాన్ని అదమడానికి ఆ నూరు కిలోల మనిషి మోచెయ్యి పెట్టి తొక్కాడు. ఆ జానెడు తగ్గలేదు.

ఎన్నిసార్లు పడ్డాడో నేను లెక్కపెట్టలేదు. కొంతసేపటికి జనం నవ్వడం మానేశారు. ఫోన్లు పట్టుకున్న చేతులు అలాగే గాలిలో ఉన్నాయి. హల్గీ కొట్టేవాడు కొట్టడం మరిచిపోయాడు. ఆ పడటం నాకు తెలుసు. ఆ తిరగడం, ఆ ఒక్క భుజం, మెడ కింద చేయి పెట్టుకునే తీరు, అన్నీ నా కుర్చీ ముందే, నా గుంటలోనే రోజూ చూశాను. చూశాను కానీ అదొక విద్య అని ఒక్కరోజూ అనుకోలేదు. ఎత్తేవాడు నేర్చుకుంటున్నాడనుకున్నాను. పడేవాడు ఊరికే పడుతున్నాడనుకున్నాను.

పక్కన మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని గుంజాడు. "మామా, చూస్తున్నవా? నా కింద గిట్లనే పడ్తుండె. ఏడేండ్లల ఒక్కసారన్న చిత్ చేసిన్నా నేను? చేసిన్నా?"

చేయలేదు. నేను ఉస్తాద్‌ని, నాకు ఆ సంగతి అప్పుడు తట్టింది.

పొద్దు పత్తి చేల మీదికి దిగింది. పెద్దమనిషి పడమటి వైపు ఒకసారి, గోదా వైపు ఒకసారి చూస్తున్నాడు. లాతూరు పైల్వాన్‌కు ఊపిరి బరువైంది. ముందుకు తోసిన ప్రతిసారీ ఆ పైల్వాన్ ఎడమ మడమ నేల నుంచి కొంచెం లేస్తోంది. నాకు అది కనబడలేదు. మా సాంచెల మనిషికి కనబడింది, తర్వాత చెప్పాడు: "నాలుగు సాంచెల నడుమ నిలబడ్డోనికి ఏ పోగు తెగుతదో, తెగక ముందే కనబడ్తది ఉస్తాద్." మడమ లేచింది. అతడు ఆ లావుపాటి కుడిచేతిని రెండు చేతులతో పట్టి, తన భుజం మీదికి గుంజుకుని, మోకాలు నేలకు వేసి, నడుము కిందికి దించాడు.

ధోబీ పట్టు. నేను అతడికి నేర్పని పట్టు. కొట్టే చేతుల దగ్గర కాకుండా, కొట్టించుకున్న వీపు దగ్గర నేర్చుకున్న పట్టు.

అంత మనిషి నేల విడిచి పైకి పోవడం చూశాను. యాభై ఐదు కిలోల వీపు మీంచి ఒక కొండ దాటినట్టు దాటాడు. రెండు భుజాలూ ఒకేసారి నేలను తాకిన చప్పుడు నా అరికాళ్లకు తెలిసింది. నల్లటి దుమ్ము లేచింది. నా జీవితమంతా మట్టి పక్కనే గడిచింది, మా బాపు కుస్తీలు చూశాను, పేరున్నవాళ్లను చూశాను. అటువంటిది అంతకు ముందు చూడలేదు, మళ్లీ చూడలేదు.

మొదట నవ్వింది లాతూరు పైల్వానే. ఆకాశం వైపు చూస్తూ పడుకునే నవ్వి, "శాబాస్" అన్నాడు. అంతే, జనం తాడు తెంపుకుని లోపలికి పడ్డారు. అందరికంటే ముందు ఉరికింది మా మేనల్లుడు. మోకాలు గుంజుతోందన్నవాడు, అతణ్ని భుజాల మీదికి ఎత్తుకుని గోదా చుట్టూ తిరుగుతూ అరిచాడు. "గా పట్టు నాదే! నా తాననే నేర్చిండు! రోజు ఇరవైసార్లు నేర్పిన!" వాడి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎవడి పరువు పోతుందని నేను చేతులు కట్టుకున్నానో, వాడికి ఆ చింతే లేదు. తాడు ఇవతల నేనొక్కణ్నే మిగిలాను.

పెద్దమనిషి కడెం తొడిగితే అది ఆ సన్నటి మణికట్టు మీది నుంచి జారి మోచేతి దగ్గర ఆగింది. "పైల్వాన్ల కోసం చేయించినం బిడ్డా, గిది నీ జబ్బకే ఆగుతది," అని పైకి నెట్టాడు. అక్కడ సరిపోయింది.

జీపులో తిరిగి వచ్చేటప్పుడు అతడు నా ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక నుంచి, ఎడమ చెవి వైపు వంగి, "తప్పైంది, నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను. ఇంజను చప్పుడులో ఆ మాట నాకే సరిగ్గా వినబడలేదు. చెప్పేశాను అనుకుని వెనక్కి ఆనుకున్నాను. ఏ చెవి వైపు వంగుతున్నానో నాకు బాగా తెలుసు.

ఆ తర్వాత ఇంకో తప్పు చేశాను. ఫోన్లలో తీసిన ఆ కుస్తీ కరీంనగర్, ఆదిలాబాద్ అంతా తిరిగింది. మా ఊళ్లో సన్మానం పెట్టారు. శాలువా అతడికి ఒకటి, నాకు ఒకటి. మైకు నా చేతికి ఇచ్చారు. "వీడు గడపల నిలబడ్డ దినమే నేను గుర్తుపట్టిన" అన్నాను. చప్పట్లు కొట్టారు. అతడు నా పక్కనే కూర్చుని, చప్పట్లు చూసి తానూ చప్పట్లు కొట్టాడు. నేను ముఖం జనం వైపు పెట్టి మాట్లాడాను కాబట్టి నా పెదవులు అతడికి కనబడలేదు. ఎదుట కూర్చున్న అతడి భార్యకు మాత్రం అంతా వినబడింది. ఆమె చప్పట్లు కొట్టలేదు.

రెండు నెలలు గడిచాయి. అతడు షెడ్డుకు పోవడం మానలేదు, తాలీంకు రావడం మానలేదు. కడెం గెలిచినవాడు గుంట తవ్వడం ఎక్కడా ఉండదు. అయినా నేను వచ్చేసరికి పార చేతిలోనే ఉండేది. ఆ పార చప్పుడు నాకు కుర్చీలో కూర్చోనిచ్చేది కాదు. ఒక పొద్దున ఇంకా ఎవరూ రాకముందు గుంటలోకి దిగి అతడి ఎదుట నిలబడ్డాను. నా ముఖం సరిగ్గా కనబడేలా, వెలుతురు వైపు తిరిగి నిలబడ్డాను.

"నీకు ఒక మాట చెప్పాలె."

పార ఆపి నా పెదవుల వంక చూశాడు.

"నీ పానం మీద ఫికర్‌తోని నీకు మట్టి పెట్టలేదని చెప్పిన. అబద్ధం. నువ్వు ఓడిపోతవని నాకు భయం లేకుండె. నువ్వు గెలుస్తవని భయమయింది. నాకు రానిది, మా మేనల్లునికి రానిది నీకు వస్తదని. తప్పు చేసిన."

చివరి మాట దాకా చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"గది నాకెరుకే ఉస్తాద్."

"ఎట్ల ఎరుక?"

"మట్టి తీస్తుంటె మీ కాలు వణికింది. ఓడిపోయేటోని కోసం ఎవ్వలకు గంతగనం వణకది."

అతడు పార మీద రెండు చేతులూ పెట్టి, మళ్లీ అన్నాడు.

"ఒక్కటే సమజ్ కాలే. భయముంటె కాలు ఎందుకు లేపిండ్రు?"

"నేను లేపిన్నా?"

"మరి? నేను ఏళ్లు పెట్టిన, గంతే. నిలబడ్డ మనిషి కాలు కిందికెళ్లి మట్టి తీసుడు నాతోని అయితదా? మీరే లేపిండ్రు."

నేను నా కుడి పాదం వైపు చూసుకున్నాను. అది తడి మట్టిలో సగం దాకా దిగి ఉంది.

"జర జరుగుండ్రి ఉస్తాద్," అన్నాడతడు. "మీ కింద తవ్వాలె, గట్టిపడ్డది."

జరగలేదు. చెయ్యి చాపి పార అడిగాను. ముందు ఇవ్వలేదు, తర్వాత ఇచ్చాడు. ఎన్నో ఏళ్ల తర్వాత మా తాత గుంటను నేను తవ్వాను. పది పోట్లకే ఆయాసం వచ్చింది. అతడు గట్టు మీద, నా కుర్చీలో కాదు, గట్టు మీదే కూర్చుని చూస్తూ నవ్వాడు.

"నడుము కిందికి దించుండ్రి ఉస్తాద్," అన్నాడు. "మోకాలు లోపలికి పెట్టుండ్రి."